నాలుగో నంబరు హాజరు

ఇది ఒక మహా సంగ్రామ గాథ. ఇందులో శంఖాలు పూరిస్తారు, నేల అదురుతుంది, నాగులేరు ఎర్రగా పారుతుంది. మా పల్నాట ఏ కథ మొదలుపెట్టినా చంకలో ఒక కోడిపుంజు, చేతిలో ఒక కత్తి ఉండాలి కాబట్టి అవీ ఉంటాయి. లోకమంతా తలుపులు వేసుకుని కూర్చున్న వేళ ఒక యువ ఉపాధ్యాయురాలు మహమ్మారికి ఎదురు నిలిచి, పిల్లల చేతిలోని దీపం ఆరిపోకుండా...

అబద్ధం. కోడిపుంజు ఒక్కటే నిజం. అదీ నాది కాదు, నా క్లాసులో మూడో నంబరు వాళ్లింటిది. నేను పాఠం చెబుతున్నంతసేపూ ఫోన్లో కూసేది. మిగతాదంతా ఒక డాబా, నీళ్ల ట్యాంకు నీడ, నా చేతిలో ఒక ఫోను, అవతల ఐదు బటన్ ఫోన్లు. ఆ యుద్ధంలో నేను చేసిన వీరకార్యం హాజరు వేయడం.

నా ఉద్యోగం రెంటచింతల దాటాక ఒక ఊళ్లో, ఏడో తరగతి దాకా ఉన్న చిన్న బడిలో. చేరి అప్పటికి ఏడాది కూడా కాలేదు. బడులు మూసేశాక గురజాలలో అద్దె గది ఖాళీ చేసి, ముప్పాళ్ళ దగ్గర మా ఊళ్లో అమ్మానాన్నల దగ్గరకు వచ్చేశాను. వేసవి సెలవులు అయిపోయాయి గానీ బడులు తెరవలేదు. టీవీలో పాఠాలు వస్తాయనీ, టీచర్లు ఇంటి నుంచే ఫోన్లు చేసి పిల్లల చదువూ క్షేమమూ కనుక్కోవాలనీ ఆదేశం వచ్చింది. దాంతోపాటు రోజూ సాయంత్రం నింపి పంపాల్సిన ఒక పట్టిక. పేరు, ఫోన్ నంబరు, హాజరు, పాఠం అర్థమైందా లేదా, చిట్టచివర ‘మానసిక స్థితి’ అని ఒక గడి. ఆ గడిలో ‘బాగుంది’ అనే మాట సరిగ్గా పడుతుంది. ‘బాగాలేదు’ అని రాయాలంటే అక్షరాలు ఇరికించాలి.

మా హెడ్మాస్టరు గారు గురజాలలో ఉంటారు. రిటైర్మెంటుకు రెండేళ్ల దూరంలో ఉన్న మనిషి, దేనికీ తొందరపడరు.

“మేడం, ఆ చివరి గడిలో అందరికీ బాగుందనే రాయండి,” అన్నారు ఫోన్లో. “వేరే ఏమన్నా రాస్తే ఎందుకు బాగాలేదో మళ్లీ మనమే రాయాలి.”

“నిజంగా బాగాలేకపోతే సార్?”

“ఎవరికి బాగుందమ్మా ఇప్పుడు? నాకు షుగరు. మీకు కొత్త ఉద్యోగం. రాసెయ్యండి.”

రాసేశాను. 

ఏడో తరగతిలో పన్నెండుమంది. ఏడుగురి ఇళ్లలో టచ్ ఫోన్లున్నాయి. వాళ్లకు వాట్సాప్ గ్రూపులో నోట్సు ఫోటోలు పెట్టేదాన్ని. వాళ్లు తిరిగి బొటనవేలి బొమ్మలు పెట్టేవాళ్లు. అర్థమైందో లేదో ఆ బొటనవేళ్లకే తెలియాలి. మిగిలిన ఐదుగురి ఇళ్లలో బటన్ ఫోన్లు. నా ఫోన్లో ఐదుగురిని ఒకే కాల్‌లో కలపొచ్చని ఒక రోజు కనిపెట్టాను. ఒకరికి చేసి, ఆగమని, రెండోవాళ్లకు చేసి, కలిపి, మళ్లీ ఆగమని, ఇలా ఐదోవాళ్లు వచ్చేసరికి ఒకటో నంబరు ఫోను అరుగు మీద పెట్టి ఆటకు పోయేవాడు. పేరు పెట్టి పిలిస్తే లైను సగం మింగేసేది. అందుకని ఒకటి నుంచి ఐదు దాకా నంబర్లిచ్చాను. రోజూ పదింటికి క్లాసు. దీన్ని హెడ్మాస్టరు గారు పై ఆఫీసుకు ‘ఆన్‌లైన్ తరగతి’ అని పంపారు.

సిగ్నలు డాబా మీదే దొరికేది. నేను అరిస్తే గానీ ఐదోవాడికి వినపడేది కాదు. కింద పప్పు చెరుగుతూ మా అమ్మ అరిచేది.

“ఏమే, ఆ కేకలేందే? గేదెల్ని తోలతన్నావా, పాఠం చెబతన్నావా?”

“రెండూ ఒకటేనమ్మా, జీతం మాత్రం పాఠానికిస్తారు.”

మొదటిరోజే ఒక హెచ్చరిక చేశాను. “ఒరేయ్, ఒసేయ్, అందరూ వినండి. మూడు రోజులు వరసగా ఫోన్లో పలకలేదో, రిజిస్టర్లో పేరు ఎర్ర ఇంకుతో కొట్టేస్తాను. మళ్లీ ఎక్కించాలంటే గుంటూరు నుంచి కలెక్టరు గారే సంతకం పెట్టి పంపాలి. ఆయనకిప్పుడు తీరిక లేదు.”

పిల్లలు కిసుక్కున నవ్వారు. వాళ్లకు నా సంగతి తెలుసు. అల్లరి చేస్తే కృష్ణ అవతలికి తోలేస్తాననీ, హోంవర్కు చేయకపోతే నడికుడి తీసుకెళ్లి మొదట వచ్చిన రైలెక్కిస్తాననీ బళ్లో చెబుతూనే ఉండేదాన్ని. ఒక్కరు కూడా భయపడలేదు. నాకు తెలియనిదల్లా ఆ ఐదు ఫోన్లలో ఒకటి స్పీకరు మీద ఉందనీ, ఆ ఇంట్లో నా సంగతి తెలియని మనిషి ఒకరు వింటున్నారనీ.

అది నాలుగో నంబరు. పన్నెండేళ్ల పిల్ల. బళ్లో ముందు వరసలో కూర్చునేది. ప్రశ్న పూర్తి కాకముందే జవాబు చెప్పడం దాని అలవాటు. తప్పయినా ఫర్వాలేదు, అందరికంటే ముందు చెప్పాలి. అలాంటి పిల్ల రెండో వారం నుంచీ “ఎస్ మేడం” తప్ప మాట్లాడటం మానేసింది. ఆ “ఎస్ మేడం” కూడా గరగరలాడుతూ ఏదో బావిలోంచి వచ్చినట్టు ఉండేది. లైను బాగాలేదనుకున్నాను. అప్పట్లో ఏది బాగాలేకపోయినా లైను బాగాలేదనే అనుకునేవాళ్లం.

ఒక రోజు భిన్నాలు చెబుతూ అడిగాను. “నాలుగో నంబరూ, అరకి సగం ఎంత?”

ఆ గరగర గొంతు మెల్లిగా అంది: “పావు గదా తల్లీ.”

జవాబు ఒప్పే. కానీ నా విద్యార్థులెవరూ నన్ను తల్లీ అని పిలవరు. క్లాసు అయ్యాక ఆ నంబరుకు విడిగా చేశాను.

“ఎవరు మాట్లాడేది?”

“నేనే మేడంగారూ. దాని నాయనమ్మని.”

“పిల్లేది అవ్వా?”

“చేలోకి పోయింది, వాళ్లమ్మ ఎంట. మిరప నారు నాటతన్నారు. బడి లేదు గదా అని తీసకపోయింది. ఆళ్ల నాయన పిడుగురాళ్ల సున్నపు బట్టీ కాడ ఉంటాడు, వచ్చేది లేదు పొయ్యేది లేదు. నువ్వు మాత్రం పేరు కొట్టేయమాక తల్లీ. నేను రోజూ పలకతన్నాగా.”

“మీరు పలికితే ఆ పిల్ల హాజరెట్టా అవుతుంది?”

“గొంతు ఒకటే ఇంటిదిగా,” అంది అవ్వ.

అప్పుడే చెప్పాల్సింది, ఆ ఎర్ర ఇంకు మాట ఉత్తదేనని. నోటిదాకా వచ్చింది కూడా. చెప్పలేదు. నా పట్టికలో ఐదుకి ఐదు హాజరు పడుతోంది, అదొకటి. ఆ భయం ఉంటే పిల్లను వారానికి రెండు రోజులైనా ఇంట్లో ఉంచుతారేమోనన్న ఆశ ఇంకొకటి. అన్నిటికంటే ముఖ్యంగా, ఒక ముసలామె నా క్లాసులో దొంగ హాజరు పలుకుతోందంటే నాకు భలే తమాషాగా ఉంది.

“సరే అవ్వా,” అన్నాను. “పేరు కొట్టను. కానీ ఒక షరతు. పాఠం నువ్వు విని, సాయంత్రం పిల్ల వచ్చాక దానికి చెప్పాలి.”

“నాకేం వచ్చు తల్లీ? నా పేరు రేషన్ కార్డులో తప్ప ఏడా రాసినోళ్లు లేరు.”

“అరకి సగం పావని చెప్పావుగా.”

“సరే. కానీ కొంచెం నెమ్మదిగా చెప్పు. నువ్వు చానా బిరబిరా పోతావు.”

నా పాఠం గురించి నాకు వచ్చిన మొదటి నిజాయితీ గల విమర్శ అది. శిక్షణలో ఉన్నప్పుడు ఎవరూ చెప్పలేదు.

ఆ రోజు నుంచి నెమ్మదిగా చెప్పడం మొదలుపెట్టాను. మిగతా నలుగురికీ కూడా అర్థం కావడం మొదలైంది. దాన్ని నేను పై ఆఫీసుకు నివేదించలేదు.

వాళ్లు చర్చికి వెళ్లే కుటుంబం, ఆదివారం చేలోకి పోరు. చర్చి మూసి ఉంది కాబట్టి ప్రార్థన ఇంట్లోనే చేసుకునేవాళ్లు. అందుకని ఆదివారం మధ్యాహ్నం ఆ పిల్ల నాకు దొరికేది. వారమంతా నేను చెప్పిన పాఠాలు నాయనమ్మ మీదుగా తనకు ఎలా చేరాయో అప్పజెప్పేది.

“మేడం, చిన్నపేగు ఇరవై అడుగులంట, పెద్దపేగు ఐదడుగులంట. ఈ పేర్లు పెట్టినోడు ఎప్పుడూ గొర్రెని కొయ్యలేదని చెప్పమంది నానమ్మ.”

“భిన్నాలు వచ్చాయా?”

“వచ్చినయ్ మేడం. నాలుగు సాళ్లలో మూడు సాళ్లు నారు నాటారు. అందులో సగం ఎండిపోయినయ్. బతికింది ఒకటిన్నర సాలు.”

పుస్తకం ప్రకారం జవాబు మూడు బై ఎనిమిది. రెండూ ఒకటేనని తేల్చుకోవడానికి నాకు కాగితం, పెన్ను కావాల్సి వచ్చింది. ఫోన్లో మాత్రం “అదే, అదే” అన్నాను వెంటనే.

చివర్లో నా పట్టిక కోసం అడిగేదాన్ని. “బాగున్నావా?”

“బాగున్నా మేడం.”

“నిజంగానా?”

“నడుము పట్టేసింది మేడం. మొక్కకి మొక్కకి వంగాలిగా. బాగానే ఉన్నా.”

పన్నెండేళ్ల పిల్ల నడుము పట్టేసిందంటే ఆ గడిలో ఏం రాయాలో తెలియలేదు. ‘బాగుంది’ అని రాశాను. అవ్వ వెనకనుంచి అరిచేది: “అడుగే, అడుగు! పేరు ఉందా లేదా అడుగు!” ఆ పిల్ల విసుక్కునేది. “ఉందిలే నానమ్మా, ఊరుకో.” నేను గొంతు గంభీరంగా పెట్టి, “ప్రస్తుతానికి ఉంది,” అనేదాన్ని. ప్రస్తుతానికి! ఆ మాట చేర్చకుండా ఉండలేకపోయాను.

నాటుళ్లు అయిపోయి కలుపు పనులు మొదలైన రోజుల్లో అవ్వకు దగ్గు పట్టుకుంది. మొదటిరోజు హాజరు పిలిచినప్పుడు “ఎస్” కీ “మేడం” కీ మధ్య నాలుగు దగ్గులు దగ్గింది.

“నాలుగో నంబరూ, పోపు మాడుతోందా అక్కడ?” అన్నాను. నలుగురూ పగలబడి నవ్వారు. అవ్వ కూడా నవ్వింది. ఆ నవ్వు మళ్లీ దగ్గులోకే తిరిగింది.

రెండోరోజు ఇంకా ఎక్కువైంది. “ఇవాళ పాఠం కంటే దగ్గు ఎక్కువ వినపడుతోంది, రెండూ నోట్సు రాసుకోండి,” అన్నాను. మళ్లీ నవ్వారు. ఈసారి అవ్వ నవ్విందో లేదో గమనించలేదు.

మూడోరోజు “ఎస్” వచ్చింది. తర్వాత చాలాసేపటికి, ఊపిరి కూడదీసుకుని, “మేడం” వచ్చింది. ఎవరూ నవ్వలేదు. నేను జోకు వేయలేదు కాబట్టి అనుకుంటాను.

క్లాసు ఆపేసి విడిగా చేశాను. జ్వరం నాలుగు రోజుల నుంచీ ఉందట. అన్నం చేదుగా ఉందట.

“అవ్వా, ఈ రోజే టెస్టు చేయించుకో. అంబులెన్స్‌కి చెప్తాను.”

“పోతే పద్నాలుగు రోజులు ఆడనే పెట్టుకుంటారంట గా తల్లీ. ఫోను కూడా ఇయ్యరంట. నువ్వు మూడు రోజులకే పేరు కొట్టేత్తానంటివే.”

డాబా మీద ఎండ మామూలుగానే ఉంది. కింద మా అమ్మ ఎవరినో తిడుతోంది, మామూలుగానే. 

“అవ్వా, అది జోకు,” అన్నాను. “ఎర్ర ఇంకు లేదు, కలెక్టరు లేడు. పేరు ఎవరూ కొట్టరు. ఊరికే నవ్వించడానికన్నాను.”

అవ్వ ఎంతో ప్రేమగా అంది: “నా బాగు కోసం అబద్ధమాడతన్నావులే. నీది మంచి మనసు.”

నేను ఎన్ని ఒట్లు పెట్టినా నమ్మలేదు. అబద్ధాన్ని ఒక్కసారికే నమ్మిన మనిషి, నిజాన్ని ఆరుసార్లు చెప్పినా నమ్మలేదు. హెడ్మాస్టరు గారి చేత చెప్పిస్తే వింటుందని ఆయన్ని కూడా కాల్‌లో కలిపాను. ఆయన తన ఆఫీసు గొంతుతో చెప్పారు: “అమ్మా, పేరు తొలగించే ప్రసక్తే లేదు.”

“అయితే రాసియ్యమను,” అంది అవ్వ. “నోటి మాటకేంది. రేపు ఈయన పోయి ఇంకొకాయన వత్తాడు.”

చదవడం రాని మనిషికి కాగితం విలువ తెలిసినంతగా మాకు తెలియదు. ఫోటో తీసి పంపుదామంటే ఆవిడది బటన్ ఫోను. మర్నాడు పొద్దున్నే స్కూటీ తీశాను. మా నాన్న పెట్రోలు పోయించుకొచ్చాడు. మా అమ్మ మాత్రం ముక్కుకి రెండు మాస్కులు కట్టి, “ఆవిడెవరో మనకేమవుద్దే?” అంది.

“నా స్టూడెంటమ్మా,” అన్నాను. 

సత్తెనపల్లి, పిడుగురాళ్ల, నడికుడి దాటి గురజాల చేరేసరికి తొమ్మిదిన్నర. హెడ్మాస్టరు గారు వాకిట్లోనే కుర్చీ వేసుకుని ఉన్నారు, ఒళ్లో బోనఫైడ్ సర్టిఫికెట్ల పుస్తకం. “ఏడవ తరగతి చదువుచున్నదని ధ్రువీకరించడమైనది” దాకా రాసి పెన్ను మూయబోయారు.

“కింద ఇంకో వాక్యం కావాలి సార్. ‘ఈమె పేరు రిజిస్టరు నుండి తొలగించబడదు’ అని.”

“అలాంటి వాక్యం ఫార్మాట్లో లేదు మేడం.”

“మీరు రాస్తే ఉంటుంది సార్.”

ముప్పైయేళ్ల సర్వీసులో ఆయన ఫార్మాటు దాటి ఒక్క అక్షరం రాసి ఉండరు. కళ్లజోడు తుడుచుకున్నారు. రాశారు. రౌండు సీలు సరిగా పడలేదని రెండుసార్లు కొట్టారు.

గురజాల దాటాక నాకు ఎదురుగా రెండు అంబులెన్సులు వచ్చాయి, ఒకదాని వెనక ఒకటి. పక్కకు తప్పుకుని దారిచ్చాను. ఆ రోజుల్లో దారి ఇవ్వడం తప్ప ఎవరం ఏం చేశాం?

వాళ్లింటికి వెళ్లేసరికి లోపలికి ఎవరూ పోకుండా వాకిలికి అడ్డంగా కర్ర కట్టి ఉంది. ఆ పిల్ల అరుగు మీద కూర్చుని ఉంది, చేతిలో బటన్ ఫోను పట్టుకుని. బడి మూసేశాక చూడటం అదే మొదలు. నల్లబడింది, పొడుగైంది. వాళ్లమ్మ లోపల గోడకు ఆనుకుని ఉంది. 

“పొద్దున ఊపిరాడకపోతే ఆశా అక్క అంబులెన్స్ పిలిచింది మేడం. ఇప్పుడే తీసకపోయారు, నరసరావుపేటకి,” అంది. “పదయ్యింది, ఇంకా మేడం చెయ్యలేదేందే అని అడగతానే ఉంది. ఎక్కేటప్పుడు కూడా అడిగింది. ఫోను నా చేతికిచ్చి పలకమంది.”

పదింటికి నేను ఫోన్ చేయలేదు. స్కూటీ మీద ఉన్నాను, కాగితం తెస్తున్నాను.

కాగితం కర్ర మీదుగా అందించాను. ఆ పిల్ల చదివింది. పెదవులు కదుపుతూ చివరి వాక్యం రెండుసార్లు చదివి, మడతపెట్టి లెక్కల పుస్తకంలో పెట్టుకుంది. సంజాయిషీ ఏదో చెప్పబోయాను. ఎదురింటావిడ కిటికీలోంచి, “ఆడ నిలబడమాకమ్మా, నీకూ అంటుకుంటది,” అంది. వచ్చేశాను.

పిల్లా, వాళ్లమ్మా పద్నాలుగు రోజులు గడప దాటకూడదన్నారు. కాబట్టి నెలన్నర తర్వాత మొదటిసారి నాలుగో నంబరు తనే పలికింది. “ఎస్ మేడం.” తన గొంతు నాకు కొత్తగా వినిపించింది. వాళ్ల నాన్న సున్నపు బట్టీ నుంచి ఆస్పత్రికి పోయి బయట చెట్టు కింద ఉండిపోయాడు. లోపలికి ఎవరినీ రానివ్వడం లేదు. నేను అతనికి ఫోన్ చేసి, “కాగితం వచ్చిందని అవ్వకు కబురు చేయించండి, సీలుతో సహా వచ్చిందని చెప్పండి,” అన్నాను.

“చెప్పి పంపా మేడం. లోపల చెప్పారో లేదో తెలవదు,” అన్నాడు.

ఐదోరోజు వృత్తాలు చెబుతున్నాను. వ్యాసానికి ఉదాహరణగా మా హెడ్మాస్టరు గారి పొట్టను తీసుకున్నాను. ఐదుగురూ నవ్వారు. నాలుగో నంబరు కూడా నవ్వింది, పూర్వం నవ్వినట్టు, అందరికంటే ముందు. ఆ నవ్వు విని నాకు ఎంత హాయిగా అనిపించిందంటే, క్లాసు ఇంకో ఇరవై నిమిషాలు సాగదీశాను.

ఆ ఇంటికి ఉన్నది ఒకటే ఫోను. పది నుంచి పదకొండుంబావు దాకా అది నా క్లాసులో ఉంది. వాళ్ల నాన్న ఆస్పత్రి బయట నిలబడి అంతసేపూ ఆ నంబరుకు చేస్తూనే ఉన్నాడు. బిజీ అని వస్తూనే ఉంది. క్లాసు అయ్యాక గానీ కబురు ఇంట్లోకి రాలేదు.

ఆవిణ్ణి అక్కడే ఖననం చేశారు, ఫాదర్ గారూ ఇంకో ఇద్దరూ ఉండగా. ఇంటిదాకా తీసుకురాలేదు. మూడు రోజులు ముందు వెళ్లి ఉంటే బతికేదా అని నాకు తెలిసిన డాక్టరును అడిగాను. “చెప్పలేం,” అన్నాడు. ఆ మాట పట్టుకుని ఎటువైపు కావాలంటే అటువైపు నడవొచ్చు. నేను రెండువైపులా నడిచాను.

ఆ సాయంత్రం పట్టికలో నాలుగో నంబరు ఎదురుగా ‘బాగాలేదు’ అని రాశాను, అక్షరాలు ఇరికించి. మర్నాడు హెడ్మాస్టరు గారు ఫోన్ చేశారు. గొంతు తగ్గించి మాట్లాడారు.

“మేడం, ఒకటి బాగాలేదని పోయిందట. కారణం అడుగుతున్నారు. మూడే ఇచ్చారు. నెట్ సమస్య, టీవీ లేదు, ఇతరములు.”

“ఇతరములు సార్,” అన్నాను.

“అదే పెట్టాను,” అన్నారు ఆయన.

పది రోజుల దాకా నాలుగో నంబరు పలకలేదు. ఆదివారం తనే మిస్డ్ కాల్ ఇచ్చింది. చేశాను. పాఠాల గురించి అడుగుతుందనుకున్నాను.

“మేడం, నిజంగా పేరు కొట్టేసేవాళ్లా?”

“లేదమ్మా.”

“జోకేగా?”

“జోకే.”

“నేను చెప్పా మేడం నానమ్మకి. మొదటిరోజే చెప్పా. మా మేడం అట్టాగే అంటది, కృష్ణ అవతలికి తోలతానంటది, రైలెక్కిత్తానంటది, ఏం చెయ్యదు అని. మేడంని అట్టా అనమాకే అని నన్నే కొట్టింది.”

అవతల ఆ పిల్ల ఏడుస్తోందనుకున్నాను. ఏడవడం లేదు. నేను ఏదన్నా అంటానని ఎదురుచూస్తోంది. ఎప్పుడూ ఏదో ఒకటి అనే మనిషిని కదా.

“తప్పు నాది,” అన్నాను చివరికి.

“ఊఁ,” అంది. ఆ తర్వాత, “రేపు పదింటికి పలకడం కుదరదు మేడం. పత్తి తీతకి పోవాలి. ఇంట్లో వండేదానికి కూడా మనిషి లేదుగా. ఫోను అమ్మ ఎంట తీసకపోద్ది,” అంది.

నా చేతిలో నాకు తెలిసిన పని ఒకటే మిగిలింది. క్లాసు పదింటి నుంచి ఒంటిగంటకు మార్చాను. ఒంటిగంటకు కూలీలు చేలో సద్ది తినడానికి కూర్చుంటారు. వాళ్లమ్మను బతిమాలాను, ఆ గంట ఫోను పిల్లకిమ్మని. ఆవిడ, “అది నడుం వాల్చే గంట మేడం,” అంది. మళ్లీ తనే, “సరే కానియ్,” అంది. పత్తి చేలో ఫోను స్పీకరు మీద పెట్టేవాళ్లు. పాఠం మధ్యలో ఆడకూలీలు అడ్డం వచ్చేవాళ్లు.

“ఏమ్మా మేడం, ఈ సదువు మాక్కూడా జీతమిప్పిచ్చిద్దా?”

“నాకే సరిగ్గా రావడం లేదక్కా,” అనేదాన్ని.

వాళ్లు నవ్వేవాళ్లు. నాలుగో నంబరు నవ్వేది కాదు, లెక్క చేసేది. అప్పుడప్పుడూ నిద్రపోయేది. ఫోన్లో ఊపిరి వినిపిస్తే గొంతు తగ్గించి మిగతా నలుగురికి చెప్పేదాన్ని. వాళ్లు కూడా గొంతు తగ్గించి జవాబు చెప్పేవాళ్లు. ఎవరూ చెప్పకుండానే.

బడి తెరిచాక వారానికి మూడు రోజులు వచ్చింది. వెనక బెంచీలో కూర్చుంది. ప్రశ్న పూర్తయ్యాక కూడా జవాబు చెప్పేది కాదు. పేరు పెట్టి అడిగితే చెప్పేది, ఒప్పే చెప్పేది. నేను క్లాసులో జోకులు మానలేదు. మానేద్దామని ఒక వారం చూశాను, పిల్లలు నాకు ఒంట్లో బాగాలేదనుకున్నారు. కానీ ఒకటి వేసి ఊరుకోవడం పోయింది. వేశాక ఆ వెనక బెంచీ వైపు చూసి, “ఇది జోకు,” అని కూడా చెప్పడం అలవాటైంది. జోకు చచ్చిపోయేది. చావనీ అనుకునేదాన్ని.

వేసవిలో మళ్లీ మూసేశారు. మళ్లీ తెరిచేనాటికి ఏడో తరగతి వాళ్లు టీసీలు తీసుకుని హైస్కూలుకు పోవాలి. నాలుగో నంబరు వాళ్లమ్మతో వచ్చింది. వాళ్లమ్మ పని మానుకుని వచ్చింది, ముఖంలో ఆ తొందర కనిపిస్తోంది.

“చేర్పించాలనే ఉందా?” అని అడిగాను, భయపడుతూనే.

“మా అత్త అన్నాళ్లు ఆ ఫోను కాడ కూకుంది మేడం,” అంది ఆవిడ. “చేర్పియ్యకపోతే ఊరుకుంటదా?” ఆ మాట అని, కొంగుతో ముఖం తుడుచుకుని, “హాజరు సరిపోయిందా మరి? ఆడ అడగతారంటగా,” అంది.

రిజిస్టరు తీశాను. ఫోన్ క్లాసుల హాజరు అందులో లేదు. దాన్ని ఎక్కడా ఎక్కించలేదు. ఎక్కించమని ఎవరూ అడగలేదు. ఆ ఏడాది హాజరుతో గానీ పరీక్షతో గానీ పని లేకుండా అందరినీ పై తరగతికి పంపేశారు. ఒక్కరోజు కూడా పలకని పిల్లవాడూ పాసే. ఆ సంగతి నాకు తెలుసు, హెడ్మాస్టరు గారికి తెలుసు. తల్లీకూతుళ్లకు చెప్పడమా మానడమా అని రిజిస్టరు మీద చెయ్యి పెట్టుకుని నిలబడ్డాను.

“సరిపోయింది,” అన్నాను. 

ఆ పిల్ల నా ముఖంలోకి చూసింది, ఇది జోకా కాదా అని. నేను రిజిస్టరు మూసేసి టీసీ అందించాను. తల దించుకుని తీసుకుంది.

టీసీ ఒరిజినల్ హైస్కూలు వాళ్లు ఉంచేసుకుంటారు, తిరిగి ఇవ్వరు. అందుకని ముందే రెండు జిరాక్సులు తీయించుకోమని చెప్పాను. రెంటచింతలలో జిరాక్సు షాపు మధ్యాహ్నం ఒంటిగంటకు మూస్తారు, మళ్లీ నాలుగింటికి గానీ తియ్యరు, వెంటనే బయల్దేరమన్నాను.